దెబ్బకు లెక్క అడుగుదాం

సింగరేణి బెల్టులో పుట్టినోళ్లకు ఒక లెక్క చిన్నప్పటి నుంచే తెలుసు. గనిలో ప్రమాదం జరిగి బొటనవేలు పోతే 30 శాతం. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం చివర ఒక షెడ్యూల్ ఉండేది. మనిషి ఒంట్లో ఏ భాగం పోతే సంపాదించే శక్తి ఎంత తగ్గినట్టో అందులో వరసగా రాసి పెట్టిన్రు. కాసిపేట గనుల్లో పనిచేసే ఏ కార్మికుణ్ని అడిగినా, ఏ యూనియన్ ఆఫీసులో అడిగినా ఆ లెక్క చెప్తరు. ప్రమాదంలో తప్పు ఎవరిదని కూడా ఆ చట్టం పెద్దగా అడిగేది కాదు. పని మీద ఉండగా దెబ్బ తగిలిందా, అయితే పరిహారం కట్టాలె. అంతే.

అదే బొటనవేలును ఇంకో మనిషి కావాలని లాఠీతో విరగ్గొట్టిండనుకోండి. అప్పుడు లెక్క ఎవరు చెప్పాలె?

మన దగ్గర ఏం జరుగుతదో మీకు తెల్సు. కొట్టినోడు బలమైనోడైతే ఏమీ జరగదు. మనసొంటోడే అయితే పట్లా ముందరో, రాయి సెంటర్‌లోనో పంచాయితీ పెట్టి దండుగ వేస్తరు. కొంచెం ధైర్యం చేస్తే స్టేషన్‌కు పోతం. అక్కడ కేసు రాసుకుంటే రాసుకుంటరు, లేకుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి 'రాజీ పడుండ్రి' అంటరు. దవాఖాన ఖర్చుకు ఇంత చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర తీసుకుంటరు. పంచాయితీ, పోలీసు ఈ రెండూ కాక మూడో తోవ ఒకటుంది. దాన్ని మనం దాదాపు ఎన్నడూ తొక్కలేదు. కొట్టినోడి మీద, బంధించినోడి మీద మనమే వాదిగా సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయడం. వకీళ్ల భాషలో దీన్ని టార్ట్ అంటరు. పేరు పలకడానికి మొరటుగా ఉంటది గానీ విషయం సులువే: నా ఒంటి మీద, నా తిరుగుడు మీద హక్కు నాది, దాన్ని కావాలని చెడగొట్టినోడు నాకు సొమ్ము రూపంలో జవాబు చెప్పాలె.

క్రిమినల్ కేసుకూ దీనికీ తేడా ఏందో ముందు చూద్దాం. క్రిమినల్ కేసు పేరులోనే ప్రభుత్వం ఉంటది. అది ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య నడిచే వ్యవహారం. దెబ్బలు తిన్న మీరు అందులో ఒక సాక్షి మాత్రమే. దర్యాప్తు పోలీసుది, వాదన సర్కారు వకీలుది. కొట్టింది ఆ పోలీసే అయితే దర్యాప్తు ఎట్ల సాగుతదో వేరే చెప్పాలా? సివిల్ దావాలో వాది మీరే. ఎవరిని ప్రతివాదిగా పెట్టాలె, ఏ సాక్షిని పిలవాలె, ఎంత అడగాలె అనేది మీ చేతిలో ఉంటది. ఇంకొకటి, క్రిమినల్ కోర్టులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలె. సివిల్ కోర్టులో రెండు వైపుల సాక్ష్యాలు తూచి, ఎటు మొగ్గితే అటు తీర్పిస్తరు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినా సివిల్ దావాకు తలుపు మూసుకోదు.

ఈ దావాలకు మూడు ముఖ్యమైన తప్పులున్నాయి. ఒకటి చెయ్యి చేసుకోవడం, వకీళ్లు బ్యాటరీ అంటరు. దీనికి రక్తం కారాల్సిన పనిలేదు, ఎముక విరగాల్సిన పనిలేదు. కోపంతో కాలర్ పట్టుకున్నా, కొంగు గుంజినా, మొహం మీద ఉమ్మేసినా సరిపోతది. రెండోది అసాల్ట్. పేపర్లలో అసాల్ట్ అంటే కొట్టడం అని రాస్తరు గానీ టార్ట్ చట్టంలో దాని అర్థం వేరు. ఇప్పుడే కొడతడు అనే భయం పుట్టేటట్టు మీదికి రావడం. దెబ్బ పడకపోయినా అది తప్పే.

దీని మీద ఇంగ్లండులో 1830 నాటి ఒక కేసు ఉంది. స్టీఫెన్స్ వర్సెస్ మైయర్స్. మన గ్రామసభ లాంటి ఒక చర్చి పరిధి మీటింగు. స్టీఫెన్స్ అధ్యక్షుడి కుర్చీలో ఉన్నడు. గొడవ చేస్తున్న మైయర్స్‌ను బయటికి పంపాలని మీటింగు తీర్మానం చేసింది. ఆయన పిడికిలి బిగించి, నన్ను పంపుడు కాదు నిన్నే కుర్చీలోంచి లాగేస్తనని అధ్యక్షుడి మీదికి పోయిండు. మధ్యలో కూర్చున్నోళ్లు ఆపిన్రు. దెబ్బ పడలేదు, పడేంత దగ్గరికి కూడా పోలేదు. అయినా అది అసాల్టేనని తేలింది. జ్యూరీ ఇప్పించిన పరిహారం ఎంతనుకున్నరు? ఒక్క షిల్లింగు. నవ్వొస్తది గానీ, ఆ షిల్లింగుతో మైయర్స్ చేసింది తప్పని రికార్డుకెక్కింది. మన గ్రామసభల్లో భూమి తీర్మానం వచ్చినప్పుడు కాంట్రాక్టరు మనుషులు మీదికి రావడం ఎన్నిసార్లు చూడలేదు!

మూడోది మనకు అన్నింటికంటే దగ్గరిది. అక్రమ నిర్బంధం. మనిషిని ఎటూ పోనీయకుండా ఆపడం. జైలు గోడలే ఉండాల్సిన పనిలేదు. అనుకుందాం, బొగ్గు ఏరుకునే నలుగురు ఆడవాళ్లను సెక్యూరిటీ గార్డు ఒక గదిలో పొద్దుగూకే దాకా కూర్చోబెట్టిండు. కట్టెల మోపుతో పోయే అవ్వను బీట్ ఆఫీసులో 'సార్ వచ్చేదాకా ఉండు' అని ఆపిన్రు. గొళ్లెం వేయలేదు, తాడు కట్టలేదు. కానీ లేచిపోతే ఊరుకోరని ఆ అవ్వకు తెలుసు. అది నిర్బంధమే. ఒక్క దారి మాత్రమే మూసి, ఇంకో దారిన పొమ్మంటే మాత్రం ఇది వర్తించదు. నాలుగు దిక్కులా ఆపాలె. గంట సేపు ఆపినా తప్పు తప్పే. ఎంతసేపన్నది పరిహారం లెక్కలో చూస్తరు.

అన్ని ఆపడాలూ అక్రమం కావు, అది కూడా తెలుసుకోవాలె. చట్ట ప్రకారం అరెస్టు చేసే అధికారం పోలీసుకు ఉంది, అటవీ సిబ్బందికీ ఉంది. కానీ ఆ అధికారానికి హద్దులున్నయి. అరెస్టు ఎందుకో చెప్పాలె. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలె, ఇది రాజ్యాంగం 22వ అధికరణం మాట. పారిపోకుండా ఆపడానికి కావల్సినంత బలమే వాడాలె. ఆడమనిషిని అరెస్టు చేసేటప్పుడు, పరిస్థితి తప్పనిసరి చేస్తే తప్ప మగ పోలీసు ఆమె ఒంటిని ముట్టుకోవద్దు. పొద్దుగూకినంక, పొద్దుపొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చేయడం మామూలుగా కుదరదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలె, మెజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలె. ఈ హద్దు దాటిన చోట, ఒంటి మీది యూనిఫామ్ సివిల్ దావాకు అడ్డం రాదు.

2022 గుర్తుందా? మన మంచిర్యాల జిల్లాలోనే, దండేపల్లి మండలం కోయపోచగూడ. పోడు భూమి దగ్గర ఆదివాసీ మహిళలను అరెస్టు చేసి జైలుకు పంపిన్రు. జులైలో గుడిసెలు తీసేసేటప్పుడు జరిగిన గుంజులాట వీడియోలు ఊరూరా ఫోన్లలో తిరిగినయి. రిజర్వు ఫారెస్టులో ఆక్రమణ అని అధికారులన్నరు. మా సాగు భూమి అని ఊరోళ్లన్నరు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న అటవీ వాసిని ఆ భూమి నుంచి తొలగించొద్దు. భూమి సంగతి ఎట్ల తేలినా, ఒక ఆడమనిషిని జుట్టు పట్టి లాగొచ్చా అనేది వేరే ప్రశ్న. భూమి పట్టా లేనోళ్లకు కూడా ఒంటి మీద పట్టా ఉంటది. అప్పుడు మనం ధర్నాలు చేసినం, మెమోరాండాలు ఇచ్చినం, పోస్టులు పెట్టినం. అవన్నీ చేయాల్సినవే. కానీ అసొంటి చోట ప్రతి మనిషి పేరు మీద, ప్రతి దెబ్బ మీద విడిగా పరిహారం అడగాలన్న ఆలోచన మన సంఘాల్లో బలంగా రావాలె.

'సర్కారు మీద దావా నిలుస్తదా?' అని మీరడుగుతరు. న్యాయమైన అనుమానమే. ఒకప్పుడు నిలిచేది కాదు. 1965లో కస్తూరిలాల్ కేసులో, మీరట్‌లో పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఒక హెడ్ కానిస్టేబుల్ పట్టుకుని పాకిస్తాన్ పారిపోతే, అరెస్టు, స్వాధీనం రాజ్యం చేసే పనులు కాబట్టి సర్కారు పరిహారం కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. బ్రిటిషోళ్ల కాలం నాటి ఆలోచన అది.

దాన్ని పగలగొట్టిన కేసుల్లో ఒకటి మన తెలుగు నేల నుంచే పోయింది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు, 1977 మే నెల. చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి ఒక క్రిమినల్ కేసులో లోపలున్నరు. 5వ తేదీ రాత్రి తెల్లవారితే 6 అనగా, బయటి మనుషులు జైల్లోకి వచ్చి వాళ్ల గదిలోకి బాంబులు విసిరిన్రు. తండ్రి చనిపోయిండు, కొడుకు గాయాలతో బతికిండు. బాంబులు వేసింది పోలీసులు కాదు. కానీ ప్రాణభయం ఉందని ముందే చెప్పినా సరైన కాపలా పెట్టలేదు. కుటుంబం 10 లక్షలకు దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది: గడువు దాటింది, పైగా జైలు నడపడం రాజ్యం పని కాబట్టి పరిహారం రాదు అని. 1989లో హైకోర్టు ఆ తీర్పును తిప్పేసి 1,44,000 రూపాయలు వడ్డీతో ఇవ్వమంది. సర్కారు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2000లో అక్కడా ఓడిపోయింది. జైల్లో ఉన్నా మనిషి మనిషే, అతని ప్రాణ హక్కు ముందు రాజ్యానికి ఆ పాత రక్షణ పనిచేయదని తేలింది.

1977 నుంచి 2000. ఇరవై మూడేండ్లు. ఈ తోవ దగ్గరిది అని ఎవరైనా అంటే నమ్మకండి. అది పేరున్న కుటుంబం, అన్నేండ్లు కొట్లాడే శక్తి ఉన్నోళ్లు. కూలికి పోతే తప్ప పొయ్యి మండని ఇంటికి అది చిన్న మాట కాదు.

అందుకే ఇంకో దగ్గరి తోవ కూడా చూడాలె. ఒడిశాలో నీలబతి బెహెరా అనే తల్లి కథ వినండి. 1987 డిసెంబర్ 1న పోలీసులు ఆమె కొడుకు 22 ఏండ్ల సుమన్‌ను పట్టుకపోయిన్రు. మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికిండు. ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1993లో లక్షా 50 వేల పరిహారం ఇప్పించింది. ప్రాథమిక హక్కు పోయినప్పుడు రిట్ వేసి నేరుగా పరిహారం అడగొచ్చు, అక్కడ రాజ్యానికి ఏ మినహాయింపూ ఉండదని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. అంతకు ముందు 1983లో, నిర్దోషి అని తేలినా 14 ఏండ్లు బిహార్ జైల్లో మగ్గిన రుదుల్ షా కేసు ఈ దారి తెరిచింది. 1985లో ఒక ఎమ్మెల్యేను అసెంబ్లీకి పోకుండా బంధించినందుకు భీమ్ సింగ్ కేసులో 50 వేలు ఇప్పించిన్రు. ఎమ్మెల్యేకు వర్తించింది కట్టెల మోపు అవ్వకూ వర్తిస్తది. రిట్ త్వరగా తేలుతది గానీ, జరిగింది ఏమిటో పెద్దగా వివాదం లేనప్పుడే అది పనికొస్తది. 'కొట్టలేదు' అని ఎదుటోళ్లు అడ్డం తిరిగితే, సాక్ష్యాలు కావాలె, సివిల్ కోర్టుకే పొమ్మంటరు.

ఇప్పుడు వాకపల్లి. విశాఖ మన్యం, జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేసిన్రని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేసిన్రు. విచారణ మొదలు కావడానికే సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు చేసినోళ్లు తమ పని సరిగా చేయలేదని తప్పుపట్టింది. అదే తీర్పులో ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పింది. నేను ఈ తీర్పును చాలాసార్లు తలుచుకుంట. శిక్ష లేదు, పరిహారం ఉంది. దర్యాప్తు ఎవరి చేతిలో ఉంటదో వాళ్ల చేతిలోనే క్రిమినల్ కేసు ప్రాణం ఉంటదని ఇంతకంటే స్పష్టంగా ఎట్ల తెలుస్తది? పరిహారంతో ఆ 16 ఏండ్లు తిరిగి రావు. సొమ్ము తీసుకుంటే పోరాటం అమ్ముకున్నట్టే అని కొందరు అన్నలు అంటరు. ఆ మాట నాకు నచ్చదు. పరిహారం దానం కాదు, బాకీ. ఎదుటోడి తప్పు తేలితేనే కోర్టు దాన్ని కట్టమంటది.

దానానికీ డిక్రీకీ తేడా చెప్పే ఉదంతం హైదరాబాద్‌లో ఉంది. 2007 మక్కా మసీదు పేలుళ్ల తర్వాత పట్టుబడి, తర్వాత నిర్దోషులుగానో నిందలు లేకుండానో బయటపడ్డ ముస్లిం యువకులకు రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, సొమ్ము తిరిగి రాబట్టమంది. కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం రాదు అనేది కోర్టు మాట. సర్కారు జీవోతో చేతికొచ్చినది ఇంకో కాగితంతో వెనక్కి పోయింది. మనోళ్ల మీద పెట్టే ఫారెస్టు కేసుల్లోనూ ఇది గుర్తుంచుకోవాలె. నిర్దోషిగా బయటపడితే సరిపోదు. సరైన కారణం లేకుండా, దురుద్దేశంతో కేసు పెట్టిన్రని విడిగా రుజువు చేస్తేనే దావా గెలుస్తం.

ఈ చట్టం మన చేతులకూ వర్తిస్తది. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వచ్చిన మహిళా అటవీ అధికారిని కర్రలతో కొట్టిన్రు. భూమి కోసం ఎంత న్యాయమైన కోపం ఉన్నా, ట్రాక్టరు మీద నిలబడ్డ ఆమె ఒంటి మీద పడ్డ దెబ్బ కూడా దెబ్బే. ఇక మన గూడేల్లో మంత్రాలు చేసిందనే నెపంతో ముసలామెను స్తంభానికి కట్టి కొట్టుడు, ఊరు దాటించుడు... అది ఆచారం కాదు. అక్రమ నిర్బంధం, చెయ్యి చేసుకోవడం, రెండూ. అట్ల బాధపడ్డ అవ్వ దావా వేస్తానంటే ఆమె పక్కన నిలబడాల్సింది మనమే.

ఇక పని సంగతి. దెబ్బ తగిలిన రోజే సర్కారు దవాఖానకు పోండి. ఎవరు కొట్టిన్రో డాక్టరుకు చెప్పి రాయించండి, ఓపీ చీటీ పారేయొద్దు. గాయం ఫోటో తేదీ కనపడేటట్టు తీయండి. స్టేషన్‌లో జరిగితే సీసీ కెమెరా రికార్డు కోసం వెంటనే అర్జీ పెట్టండి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని 2020లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆలస్యమైతే రికార్డు చెరిగిపోతది. కులం పేరుతోనో, ఆదివాసీ అని తెలిసో దాడి చేస్తే అట్రాసిటీ కేసు విడిగా పెట్టండి. ఆ నియమాల కింద 2016 సవరణ ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా సహాయం వస్తది. అది వచ్చినా సివిల్ దావా వేయొచ్చు.

వకీలు ఫీజు, కోర్టు ఫీజు చూసి భయపడొద్దు. 1987 న్యాయ సేవా చట్టం సెక్షన్ 12 కింద షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతడు. ఫోన్ నంబరు 15100. మీ ఊరు ఏజెన్సీలోకి వస్తదా, మైదానమా అనేదాన్ని బట్టి దావా ఎక్కడ వేయాలో మారొచ్చు, అది మొదటి రోజే ఆ వకీలును అడగండి.

గడువు మాత్రం మరువొద్దు. మనోళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. అక్రమ నిర్బంధానికి, వదిలిన రోజు నుంచి ఒక్క సంవత్సరమే. తప్పుడు కేసు పెట్టినందుకు, నిర్దోషిగా తేలిన రోజు నుంచి ఒక్క సంవత్సరం. మామూలు మనిషి కొట్టినదానికి మూడేండ్లు. కొట్టింది అధికారి అయితే, చట్టం కింద చేసిన పని అని చెప్పి ఏడాది గడువే వర్తిస్తదని వాదిస్తరు. కోయిలకుంట్ల కేసులో కింది కోర్టు కొట్టేసిన కారణాల్లో ఇదొకటి, కాబట్టి ఏడాది లోపే వేయండి. సర్కారు మీదనో, అధికారి చేసిన సర్కారు పని మీదనో అయితే సెక్షన్ 80 కింద ముందు నోటీసు ఇవ్వాలె. రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చే నోటీసు జిల్లా కలెక్టర్ ఆఫీసులో ఇచ్చినా చెల్లుతది, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. నోటీసు తర్వాత రెండు నెలలు ఆగాలె. ఆ రెండు నెలలను గడువు లెక్కలోంచి తీసేస్తరు.